పాల క్యాన్ మీద గుర్తు: గీతల చీటీ నుంచి రేడియో ట్యాగు దాకా

(సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో, రవాణా విభాగంలో చిరకాలం పనిచేసిన ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం. సభ్యులందరికీ ఉపయోగపడగలదని ప్రచురిస్తున్నాము.)



నాకు ఇచ్చిన విషయం బార్‌కోడు, రేడియో ట్యాగుల గురించి. పేరు వినగానే ఇదేదో పట్నాలలోని పెద్ద గిడ్డంగుల వ్యవహారం, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అందుచేత యంత్రాల మాటకు పోయే ముందు నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను.

నేను రవాణా గుమాస్తాగా చేరిన తొలి రోజులవి. ఎండాకాలంలో ఒక ఉదయం మూడు ఊళ్ల పాలు ఒకే లారీలో శీతల కేంద్రానికి వచ్చాయి. నలభై లీటర్ల క్యాన్లలో రెండింటి పాలు విరిగాయి. మూతల మీద ఎర్రరంగుతో వేసిన సంఘం నంబర్లు కడిగి కడిగి చెరిగిపోయి ఉన్నాయి. చలానాలో ఎన్ని క్యాన్లో ఉన్నది గాని, ఏ క్యాన్ ఎవరిదో లేదు. డ్రైవరు చెప్పలేకపోయాడు. చివరకు నష్టాన్ని మూడు సంఘాలకు సమంగా పంచివేశాము. బిల్లుల రోజున ఒక పెద్దావిడ వచ్చి, "నాయనా, నా గేదె పాలు పిండిన గడియలోనే తెచ్చి పోశాను. విరిగినవి ఎవరి పాలో తెలియకుండా నా డబ్బు ఎట్లా కోశారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

సరుకు ఎక్కడ బయలుదేరింది, ఎవరి చేతులు మారింది, ఇప్పుడు ఎక్కడ ఉన్నది అనే ప్రశ్నలకు మాటతో కాక గుర్తుతో జవాబు చెప్పడమే బార్‌కోడు పని, రేడియో ట్యాగు పని. ఆ పెద్దావిడ ప్రశ్నను మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

ముందుగా బార్‌కోడు సంగతి. 1948లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, కిరాణా దుకాణాల యజమాని ఒకరు సరుకును తనంతట తానే గుర్తించే సాధనం కావాలని ఒక కళాశాలలో అడిగారు. ఆ మాట బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి చెవిన పడింది. అతడు, మిత్రుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ కలిసి ఆలోచన సాగించారు. వుడ్‌లాండ్‌కు టెలిగ్రాఫు చుక్కలు, గీతల భాష తెలుసు. ఒకనాడు సముద్రపు ఒడ్డున ఇసుకలో వేళ్లు గుచ్చి కిందికి లాగితే, ఆ చుక్కలే సన్నగీతలుగా, లావుగీతలుగా కనిపించాయట. 1952లో వారికి పేటెంటు వచ్చింది. కాని గీతలను చదివే లేజరు, లెక్కవేసే కంప్యూటరు చవకగా దొరికే దాకా అది కాగితం మీదనే ఉన్నది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లం మీది గీతలను దుకాణంలో మొదటిసారి చదివారు. దాని ధర 67 సెంట్లు.

నేడు మన పాల పాకెట్టు మీద, నెయ్యి డబ్బా మీద చూసే గీతల కింద 13 అంకెలు ఉంటాయి. మొదటి మూడు 890 అయితే ఆ నంబరు భారతదేశపు సంస్థ ద్వారా ఇచ్చినదని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని దాని అర్థం కాదు. ధర కూడా గీతలలో ఉండదు. గీతలు చెప్పేది నంబరు మాత్రమే. ధర దుకాణపు కంప్యూటరులో ఉంటుంది.

ఇందులో మన కార్యదర్శులు నేర్చుకోదగిన ఒక చమత్కారం ఉన్నది. పదమూడో అంకె తనిఖీ అంకె. ఉదాహరణకు 890123456789 అనే పన్నెండు అంకెలను తీసుకోండి. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల అంకెలు కలిపితే 28. సరి స్థానాల అంకెలు కలిపితే 34, దానిని మూడుతో హెచ్చిస్తే 102. రెండూ కలిసి 130. పైన ఉండే పది గుణిజానికి ఎంత తక్కువో అదే తనిఖీ అంకె. ఇక్కడ 130 నిండు గుణిజమే గనుక అది సున్న. ఇప్పుడు ఆరవ స్థానంలోని 3ను ఎవరైనా 8గా రాశారనుకోండి. మొత్తం 145 అవుతుంది, తనిఖీ అంకె 5 రావాలి, కాని అక్కడ సున్న ఉన్నది. యంత్రం వెంటనే తప్పని చెబుతుంది. ఒక్క అంకె తప్పు రాస్తే అది తప్పక దొరుకుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు దొరుకుతుంది. 1, 6 లాగా రెంటి మధ్య తేడా సరిగ్గా ఐదు ఉన్న జంట మాత్రం తప్పించుకుంటుంది. మన చేతిరాత రిజిస్టర్లలో ఇలాంటి కాపలా లేదు. అక్కడ 3 ఎనిమిదైతే ఒకరి పాలు మరొకరి ఖాతాలో పడతాయి, పట్టుకునేవారు ఉండరు.

ఇక రేడియో ట్యాగు. గీతలను చదవాలంటే యంత్రానికి అవి కంటపడాలి. రేడియో ట్యాగు కంటపడనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చే విమానం మనదా, శత్రువుదా అని రేడియోతో అడిగి తెలుసుకునే పద్ధతి దీనికి పూర్వరూపం. ఇప్పటి మామూలు ట్యాగులో చిన్న చిప్పు, సన్నని తీగ ఉంటాయి, బ్యాటరీ ఉండదు. చదివే యంత్రం పంపే తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబరు తిరిగి చెబుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోలుగేట్ల వద్ద తప్పనిసరి చేసిన ఫాస్టాగ్ ఇదే. మన ట్యాంకరు అద్దానికి అది ఉన్నది గనుక ఏ గేటును ఎన్ని గంటలకు దాటిందో తరువాత చూసుకోవచ్చు. ట్యాంకరు దారిలో ఎక్కువసేపు ఆగిందా అని అనుమానం కలిగినప్పుడు అది మంచి సాక్ష్యం.

అయితే క్యాన్లకు కూడా ఇదే కట్టేస్తే సరిపోతుంది గదా అని మీరు అడగవచ్చు. అక్కడే చిక్కు. దూరం నుంచి చదివే ట్యాగుల తరంగాలను నీరు పీల్చేస్తుంది, లోహం తిప్పికొడుతుంది. పాలలో అధికభాగం నీరే, క్యాన్ అల్యూమినియం. రెండు ఇబ్బందులూ మన సరుకులోనే ఉన్నాయి. 2003లో వాల్‌మార్ట్ సంస్థ తన పెద్ద సరఫరాదారులను 2005 జనవరి నుంచి పెట్టెలకు రేడియో ట్యాగులు అంటించమని కోరినప్పుడు కూడా ద్రవాలు, డబ్బాల సరుకుల దగ్గర ఈ సమస్యే ఎదురైంది. లోహానికి ప్రత్యేకంగా చేసిన ట్యాగులు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. కాబట్టి సంఘం స్థాయిలో క్యాన్ చెవికి రేకు మీద చెక్కిన నంబరు, చలానాలో అదే నంబరు ఉంటే చాలు.

పశువు దగ్గర మరొక పద్ధతి. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు, అంటే 134.2 కిలోహెర్ట్జ్, పశువు ఒంటి తడిని లెక్కచేయవు. అందుకే పశువులకు వాడే రేడియో ట్యాగులు ఆ రకంవి. దగ్గరగా పెట్టి చదవాలి. మన ఆవులు, గేదెల చెవులకు పశువైద్య శాఖవారు వేస్తున్న 12 అంకెల పసుపు బిళ్లలు చాలావరకు రేడియోవి కావు, అంకెలు, గీతలు ముద్రించినవి. ఎద ఇంజెక్షను, గాలికుంటు టీకా, బీమా అన్నీ ఆ నంబరు మీదనే నడుస్తాయి. బీమా పాలసీలలో ట్యాగు లేకపోతే పరిహారం లేదన్న షరతు ఉంటుంది. బిళ్ల ఊడిన రోజునే పశువైద్యునికి, బీమావారికి తెలియజేసి కొత్తది వేయించండి. పశువు చనిపోయాక బిళ్లను వెతికితే లాభం లేదు.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఎంత మంచి ట్యాగు పెట్టినా, పాలు ఒకసారి కలిశాక విడదీయలేము. బల్క్ కూలరులో పోసిన తరువాత మీ పాలు, మీ పొరుగువారి పాలు ఒకటే. పాకెట్టు మీది బార్‌కోడు అది ఏ రకం పాలో చెబుతుంది. ఏ రోజు, ఏ బ్యాచి అనేది పక్కన విడిగా ముద్రిస్తారు. ఆ బ్యాచి నంబరు పట్టుకుని సరుకును బజారు నుంచి వెనక్కి రప్పించవచ్చు. దానికి మన దేశంలో 2017లో నియమాలు వచ్చాయి. కాని బ్యాచి నుంచి ట్యాంకరుకు, ట్యాంకరు నుంచి సంఘానికి వచ్చాక ట్యాగుల దారి ఆగిపోతుంది. 2008లో చైనాలో మెలమైన్ కలిసిన పాలపొడి వల్ల ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ కల్తీ ఫ్యాక్టరీలోకి రాకముందే, పాలు సేకరించే చోటనే జరిగింది. డబ్బా మీది గీతలు దానిని ఆపలేవు గదా.

సంఘం నుంచి సభ్యుని దాకా మిగిలిన దారిని చూపేది ఒక్కటే: మీ పేర తీసిన శాంపిలు సీసా. దాని మీది సభ్యత్వ నంబరే మన తొలి బార్‌కోడు. కనుక నా మనవులు నాలుగు.

ఒకటి, శాంపిలు సీసాకు నంబరు సభ్యుని ఎదుటనే వేయాలి, ముందే వేసి వరుసగా పెట్టకూడదు. రెండు, సంఘంలో కార్డు చూపే యంత్రం ఉంటే ఎవరి కార్డు వారే చూపాలి, పొరుగువారి కార్డు తెచ్చి పోయకూడదు. యంత్రం కార్డును గుర్తిస్తుంది గాని మనిషిని గుర్తించదు. మూడు, క్యాన్ నంబరు చలానాలో రాయని లారీని కదలనివ్వవద్దు. ట్యాంకరు సీలు నంబరు బయలుదేరిన చోట, చేరిన చోట రెండింటా రాయించండి. నాలుగు, పాల చీటీ తీసుకుని ఇంట్లో ఒక డబ్బాలో వేసుకోండి. నెలాఖరున ఖాతాతో సరిచూడండి.

ఖరీదైన యంత్రాలు వస్తాయి, రానివ్వండి. అవి వచ్చినా ఈ నాలుగు పనులు తప్పవు. ఆనాటి పెద్దావిడ ప్రశ్నకు అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. రేపు మీ సంఘం గుమ్మంలో అదే ప్రశ్న ఎవరైనా అడిగితే, రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపగలగాలి. "అమ్మా, విరిగిన క్యాన్ ఇది, అందులో మీ పాలు లేవు, మీ డబ్బు ఇదిగో" అని చెప్పగలిగిన సంఘాన్నే సభ్యులు తమ సంఘం అనుకుంటారు.