రచ్చకు ముందు ఇల్లు: యూరప్ శిఖరాగ్ర సదస్సులకు ప్రభుత్వాలు సిద్ధమయ్యే తీరు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ మాస్టారు జీవితమంతా రాజనీతి శాస్త్రం బోధించారు. రాజ్యాంగ అధికరణాలను అప్పజెప్పే విద్యార్థిని మెచ్చుకునేవారు. మార్కులు మాత్రం మరో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడికే వేసేవారు. ఫలానా నిర్ణయం ఎక్కడ పుట్టింది? దాన్ని ముందుగా ఎవరు ప్రశ్నించగలిగారు? తర్వాత ఎవరు జవాబు చెప్పుకోవాలి? ఆ ప్రశ్నలను యూరప్ దేశాధినేతల శిఖరాగ్ర సదస్సుకు వేసి చూద్దామని ఈ ఉపన్యాసానికి పూనుకున్నాను.

సదస్సు దగ్గరపడుతున్నదంటే యూరప్ రాజధానుల్లో "మా ప్రభుత్వ ప్రాధాన్యాలు ఇవి" అనే ప్రకటనలు వరసగా వెలువడతాయి. పత్రికలు వాటిని ఓ మూలన వేసుకుని, సదస్సు ముగిశాక ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నదాన్ని పతాక శీర్షిక చేస్తాయి. అసలు కథ ఆ మొదటి ప్రకటనలోనే ఉందని నా అభిప్రాయం. ఆ జాబితాను ఇంట్లో ఎవరెవరు కలిసి రాశారో చూస్తే, బయట దానికెంత విలువ దక్కుతుందో, ఎంతకాలం నిలుస్తుందో చాలావరకు చెప్పవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణలు దొరకవు.

తలుపులు మూసిన గది

1974 డిసెంబరులో పారిస్‌లో కలిసిన యూరోపియన్ సముదాయపు (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) తొమ్మిది దేశాల నేతలు ఇకపై క్రమం తప్పకుండా సమావేశం కావాలని తీర్మానించుకున్నారు. తొలి సమావేశం 1975 మార్చిలో డబ్లిన్‌లో జరిగింది. అప్పటికి అది ఏ ఒప్పందంలోనూ పేరులేని కూటమి. 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమలులోకి వచ్చాక 'యూరోపియన్ కౌన్సిల్' పూర్తి స్థాయి అధికారిక సంస్థ అయింది. దానికి పూర్తికాలపు అధ్యక్షుడూ వచ్చారు. బెల్జియం ప్రధానిగా పనిచేసిన హెర్మన్ వాన్ రోంపాయ్ ఆ పదవిలో మొదటివారు. నేడు 27 దేశాల నేతలు అక్కడ కూర్చుంటారు. ఆరు నెలలకు కనీసం రెండుసార్లు కలుస్తారు. చట్టాలు చేసే అధికారం వారికి లేదు. యూరోపియన్ యూనియన్ ఎటు నడవాలో వారు చెబుతారు, సాధారణంగా ఏకాభిప్రాయంతో చెబుతారు.

నేతలు బ్రస్సెల్స్‌లో దిగేసరికే చాలా పని జరిగిపోయి ఉంటుంది. ముసాయిదా తీర్మానాలు సభ్యదేశాల రాయబారుల కమిటీలో నలుగుతాయి, ఆపైన మంత్రుల సమావేశంలో నలుగుతాయి. అక్కడ విడిపడని ముడులే నేతల బల్ల మీదికి వస్తాయి. ఆ బల్ల దగ్గర నేతల పక్కన సాధారణంగా మంత్రులుండరు, సలహాదారులుండరు. అర్ధరాత్రి దాటాక ఒక పదం మార్చమని అవతలివాళ్లు ఒత్తిడి చేస్తే ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ ఒక్క మనిషి తేల్చుకోవాలి. ఆయన ఊ అన్న తర్వాత స్వదేశంలోని పార్లమెంటు చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి అడగవలసినవన్నీ ఆయన విమానం ఎక్కకముందే అడిగి తీరాలి.

డెన్మార్క్ ఏర్పాటు

ఈ సంగతిని అందరికన్నా ముందు గ్రహించింది చిన్న దేశమైన డెన్మార్క్. 1973 జనవరి 1న అది యూరోపియన్ సముదాయంలో చేరింది. కొన్ని వారాలు తిరగకుండానే, డెన్మార్క్ నుంచి బేకన్ ఎగుమతులకు సంబంధించిన వ్యవహారంలో మంత్రి బ్రస్సెల్స్‌లో ఒప్పుకొచ్చిన మాట మీద పార్లమెంటు భగ్గుమంది. పంది మాంసం ఎగుమతి ఆ దేశ రైతుకు ప్రాణాధారం. ఫలితంగా ఆ ఏడాది మార్చిలోనే ఒక పద్ధతి స్థిరపడింది. ముఖ్యమైన విషయాల్లో మంత్రి ముందుగా పార్లమెంటు కమిటీ ఎదుటికి వచ్చి, తాను ఏ వైఖరి తీసుకోబోతున్నారో నోటిమాటగా వివరించాలి. కమిటీలో ఆయా పార్టీల బలాన్ని లెక్కగట్టినప్పుడు మెజారిటీ వ్యతిరేకంగా లేకపోతే ఆయనకు మాండేట్ (ముందస్తు అనుమతి) దొరికినట్టే. ఇప్పుడు యూరోపియన్ వ్యవహారాల కమిటీగా పిలుస్తున్న ఆ సంఘంలో 17 మంది సభ్యులుంటారు.

నియమాన్ని గమనించండి. అది ప్రభుత్వానికి అనుకూలంగా మెజారిటీ చూపించమనదు, వ్యతిరేకంగా మెజారిటీ ఉండకూడదంటుంది. మైనారిటీ ప్రభుత్వాలు మామూలైన దేశంలో పుట్టిన తెలివి ఇది. ప్రభుత్వానికి కదలడానికి చోటు ఉంటుంది, ప్రతిపక్షానికి ఆపే శక్తి ఉంటుంది. 1995లో యూనియన్‌లో చేరిన ఫిన్లాండ్ ఇదే దారిలో మరో అడుగు వేసింది. సదస్సులో ఏం చర్చకు రానుందో ప్రధాని ముందుగానూ, ఏం జరిగిందో తర్వాత ఆలస్యం లేకుండానూ పార్లమెంటుకు చెప్పాలని ఆ దేశ రాజ్యాంగమే నిర్దేశిస్తోంది. జర్మనీలో ఛాన్సలర్ సదస్సుకు ముందు పార్లమెంటైన బుండెస్టాగ్‌లో ప్రకటన చేయడం, ఐర్లండ్‌లో ప్రధాని దిగువ సభలో మాట్లాడడం ఆనవాయితీ అయ్యాయి. అయితే ప్రకటన చేయడం వేరు, మాండేట్ తీసుకోవడం వేరు. ప్రకటన విన్న సభకు అడ్డుకునే హక్కు ఉండదు.

మాస్ట్రిక్ట్‌కు ముందు బ్రిటన్

ఈ తేడా ఎంత దూరం పోతుందో 1991 నుంచి 1993 వరకు నడిచిన చరిత్ర చూపిస్తుంది. 1991 డిసెంబరు 9, 10 తేదీల్లో కొత్త యూరప్ ఒప్పందాన్ని ఖరారు చేయడానికి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో సదస్సు జరిగింది. దానికి మూడు వారాల ముందు, నవంబరు 20, 21 తేదీల్లో బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్ హౌస్ ఆఫ్ కామన్స్‌లో రెండు రోజుల చర్చ పెట్టారు. ఆయన ప్రాధాన్యాలు స్పష్టంగా ఉన్నాయి. ఒప్పందంలో 'ఫెడరల్' అన్న మాట ఉండకూడదు. ఉమ్మడి కరెన్సీలో చేరాలా వద్దా అన్నది తర్వాతి కాలంలో బ్రిటన్ పార్లమెంటే తేల్చుకోవాలి. విదేశాంగ విధానం, పోలీసు, న్యాయ వ్యవహారాలు ప్రభుత్వాల మధ్యే ఉండాలి. కార్మిక హక్కులకు సంబంధించిన సామాజిక అధ్యాయం వద్దు.

సదస్సులో మేజర్ వీటన్నిటినీ సాధించుకున్నారు. దౌత్యపరంగా చూస్తే గొప్ప విజయమే. కానీ ఆ జాబితాను తయారు చేసింది సొంత పార్టీని చీలిపోకుండా నిలబెట్టుకోవడానికి. సామాజిక అధ్యాయం కావాలన్న ప్రతిపక్ష లేబర్ పార్టీకి అందులో ఏ భాగమూ లేదు. 1993 జులై 22న ఆ అధ్యాయం మీదే సొంత పార్టీ తిరుగుబాటుదారులు లేబర్‌తో చేయి కలిపి ప్రభుత్వాన్ని సభలో ఓడించారు. మరునాడు విశ్వాస తీర్మానం పెట్టి మేజర్ గట్టెక్కవలసి వచ్చింది. 1997లో లేబర్ నేత టోనీ బ్లెయిర్ అధికారంలోకి వస్తూనే సామాజిక అధ్యాయానికి ఒప్పుకున్నారు. మాస్ట్రిక్ట్‌లో చెమటోడ్చి సాధించుకున్న మినహాయింపుల్లో ఒకటి ఆరేళ్లు నిలవలేదు.

ఏడు పార్టీల పత్రం

అదే ఒప్పందం విషయంలో డెన్మార్క్ అనుభవం చూడండి. పార్లమెంటు పెద్ద మెజారిటీతో ఆమోదించిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 1992 జూన్ 2న జరిగిన రెఫరెండంలో ప్రజలు తిరస్కరించారు. వ్యతిరేకించినవారు 50.7 శాతం. మాండేట్ పద్ధతి ఎంత గొప్పదైనా ప్రజల మనసు తెలుసుకోవడానికి అది ఒక్కటే చాలదని ఆ రోజు రుజువైంది. ఈ లోపాన్ని దాచిపెట్టి నేను డెన్మార్క్‌ను పొగడలేను.

ఆ తర్వాత వారు చేసిన పని మాత్రం ప్రతి ప్రజాస్వామ్యం చదవదగ్గది. ఆ అక్టోబరులో ప్రభుత్వ పార్టీలు, ప్రతిపక్ష పార్టీలు కలిపి ఏడు పార్టీలు 'జాతీయ రాజీ' అనే పత్రం రాశాయి. ఉమ్మడి కరెన్సీ, ఉమ్మడి రక్షణ, యూనియన్ పౌరసత్వం, న్యాయ, హోం వ్యవహారాలు అన్న నాలుగు విషయాల్లో డెన్మార్క్‌కు ప్రత్యేక ఏర్పాటు కావాలన్నది దాని సారం. మైనారిటీ ప్రభుత్వాన్ని నడుపుతున్న ప్రధాని పౌల్ ష్లూటర్ డిసెంబరు 11, 12 తేదీల్లో ఎడిన్‌బరో సదస్సుకు ఆ పత్రంతోనే వెళ్లారు. మిగతా 11 దేశాలు ఒప్పందాన్ని తిరగరాయకుండానే ఆ నాలుగింటికీ దారి చూపాయి.

నెల తిరిగేసరికి ష్లూటర్ ప్రభుత్వం రాజీనామా చేసింది. కారణం యూరప్ వ్యవహారం కాదు. శ్రీలంక తమిళ శరణార్థుల కుటుంబాలు వచ్చి కలవకుండా జాప్యం చేసిన కేసు అది. సోషల్ డెమొక్రాట్ పౌల్ నూరుప్ రాస్ముసెన్ ప్రధాని అయ్యారు. ప్రభుత్వం మారినా పత్రం మారలేదు, ఎందుకంటే ఆయన పార్టీ కూడా దాని మీద సంతకం చేసింది. 1993 మే 18న రెండో రెఫరెండంలో 56.7 శాతం అవునన్నారు. రక్షణకు సంబంధించిన మినహాయింపును ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో 2022 జూన్ 1న ప్రజలే 66.9 శాతం ఓట్లతో రద్దు చేసుకున్నారు. అంటే ఆ జాబితాలోని ఒక అంశం దాదాపు ముప్పై ఏళ్లు నిలిచింది, చివరికి ప్రజలే దాన్ని తీసేశారు.

ఒక ఉత్తరం, నాలుగు కోరికలు

మళ్లీ బ్రిటన్‌కు వద్దాం. 2013 జనవరిలో ప్రధాని డేవిడ్ కామెరాన్ యూనియన్‌లో కొనసాగాలా వద్దా అన్నదానిపై రెఫరెండం పెడతామని మాట ఇచ్చారు. 2015 నవంబరు 10న యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్‌కు ఉత్తరం రాశారు. యూరోలో చేరని దేశాలకు రక్షణ, పోటీతత్వం, సార్వభౌమాధికారం, వలసలు అన్నవి అందులోని నాలుగు అంశాలు. 2016 ఫిబ్రవరి 18, 19 తేదీల సదస్సులో రాత్రీ పగలూ బేరమాడి చెప్పుకోదగ్గ ఒప్పందమే తెచ్చారు. కొత్తగా వచ్చే యూరప్ కార్మికులకు కొన్ని ప్రయోజనాలను పరిమితం చేసే వీలు కూడా అందులో ఉంది.

ఒప్పందం కుదిరిన మరునాడే కామెరాన్ సొంత మంత్రివర్గంలోని మైకేల్ గోవ్ యూనియన్ నుంచి వైదొలగాలన్న పక్షాన నిలబడ్డారు. ఆ మరునాడు సొంత పార్టీ నేత బోరిస్ జాన్సన్ అదే బాట పట్టారు. జూన్ 23న 51.9 శాతం వైదొలగుదామన్నారు. మరుసటి రోజు ఉదయం కామెరాన్ రాజీనామా ప్రకటించారు, ఫిబ్రవరి ఒప్పందం పుట్టకముందే రద్దయింది. వైదొలగే నిర్ణయానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి, అన్నిటినీ ఈ ఉత్తరానికి అంటగట్టడం న్యాయం కాదు. అయినా 1992 నాటి డానిష్ పత్రం పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. రెండింటిలోనూ కోరికలు నాలుగే. ఒకదాని వెనుక ఏడు పార్టీలున్నాయి. రెండోదాని వెనుక ప్రధాని మంత్రివర్గమైనా పూర్తిగా లేదు.

రెండు అభ్యంతరాలు

చేతిలోని ముక్కలు ముందే చూపిస్తే ఆట ఓడిపోమా అని అడగవచ్చు. ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1960లో వెలువరించిన గ్రంథంలో దీనికి తిరుగు జవాబు ఉంది. స్వదేశంలో చేతులు కట్టేసి ఉన్నవాడికి బేరంలో బలం పెరుగుతుంది, ఎందుకంటే 'మా సభ ఒప్పుకోదు' అని అతడు నిజాయితీగా చెప్పగలడు. రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ పుట్నం 1988లో ఇదే ఆలోచనను విస్తరించి, ప్రతి నేతా ఒకేసారి రెండు బల్లల దగ్గర ఆడుతున్నాడని వివరించాడు. రహస్యం నిజంగా అవసరమైన చోట కమిటీ తలుపులు మూసుకుని వినవచ్చు.

రెండోది బరువైన ప్రశ్న. 27 మందీ చేతులు కట్టించుకుని వస్తే ఒప్పందం కుదిరేదెలా? 2020 జులై 17న మొదలైన కొవిడ్ పునరుద్ధరణ నిధి సదస్సు 21వ తేదీ తెల్లవారుజాము దాకా సాగింది. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ ఉచిత సాయం తగ్గించాలని గట్టిగా పట్టుబట్టాయి, ఫిన్లాండ్ వారితో కలిసింది. 75,000 కోట్ల యూరోల మొత్తం మారలేదు కాని, అందులో తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంట్లు 50,000 కోట్ల నుంచి 39,000 కోట్లకు తగ్గాయి. అంటే మాండేట్లున్న దేశాలు కూడా రాజీకి వచ్చాయి. వదులుకోలేనిది ఏమిటో, బేరానికి పెట్టగలిగింది ఏమిటో ముందే విడదీసి చెప్పిన జాబితా దారి మూయదు. అన్నీ ప్రాణప్రదమే అనే జాబితా మూసేస్తుంది.

మన సంగతి

మన రాజ్యాంగంలోని 73, 253 అధికరణాల ప్రకారం అంతర్జాతీయ ఒప్పందాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. 2008 జులైలో జీ-8 సదస్సు కోసం మన్మోహన్ సింగ్ జపాన్‌లో ఉండగానే అమెరికాతో అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించాయి. 22న లోక్‌సభలో 275-256 ఓట్లతో ప్రభుత్వం నిలబడింది. ఇంట్లో తేల్చుకోవలసింది రచ్చకెక్కాక తేలింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ జీఎస్‌టీ కౌన్సిల్. 279ఎ అధికరణం కింద కేంద్రానికి మూడోవంతు, రాష్ట్రాలకు మూడింట రెండు వంతుల ఓటు బలం, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రతినిధులు అక్కడ మన పన్నుల గురించి మాట్లాడతారు. వారు ఏ వైఖరి తీసుకోబోతున్నారో శాసనసభకు ముందుగా చెప్పాలన్న నియమం లేదు. కౌన్సిల్ సిఫారసులు చట్టసభలను కట్టిపడేయవని 2022 మేలో సుప్రీంకోర్టు మోహిత్ మినరల్స్ కేసులో తేల్చింది. సభకు హక్కు ఉందని కోర్టు చెప్పాక, దాన్ని వాడుకోవడం సభ వంతు.

డెన్మార్క్ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోమని నేననను. మన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వేరు, మన సభల నడక వేరు. చేయదగ్గది చాలా చిన్న పని. జీఎస్‌టీ కౌన్సిల్ సమావేశానికి ముందు రాష్ట్ర ఆర్థిక మంత్రి శాసనసభ కమిటీలో ప్రతిపక్షం కూడా ఉండగా తన ప్రాధాన్యాలు చెప్పాలి, తిరిగొచ్చాక ఏం తెచ్చారో, ఏం వదులుకున్నారో చెప్పాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, సభ నియమాల్లో ఒక వాక్యం చాలు. ఈ సభలోని విద్యార్థులూ, అధ్యాపకులూ, పాత్రికేయ మిత్రులూ మీ మీ శాసనసభ్యులకు ఈ కోరికను రాతపూర్వకంగా అందజేయాలని, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలని మనవి చేస్తున్నాను.