ఒకే గుండె, రెండు చీటీలు

కొండాపూర్ చుట్టుపక్కల ఒకే రోజు ఇద్దరు గుండె డాక్టర్లకు చూపించుకోవడం కష్టం కాదు. చిక్కల్లా ఇద్దరూ చెరో మాట చెప్పినప్పుడే. ఉదాహరణకు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు లయ తప్పి అదురుతాయి. మెటోప్రొలాల్‌తో వేగం తగ్గిస్తే చాలని ఒకరంటే, అమియోడరోన్‌తో లయే సరిచేద్దామని ఇంకొకరంటారు.

ఇద్దరి మాటకూ ఆధారముంది. 4,060 మందిపై జరిగి 2002లో వెలువడిన అఫర్మ్ అధ్యయనంలో, లయ సరిచేసే మందులతో ఆయుష్షు పెరగలేదు. 2020లో వచ్చిన ఈస్ట్ అధ్యయనంలో, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయ చికిత్స మొదలుపెట్టినవారిలో పక్షవాతం, గుండెజబ్బు మరణాలు తగ్గాయి. అందుకే జబ్బు ఎప్పుడు బయటపడిందో డాక్టరుకు తప్పక చెప్పండి.

అమియోడరోన్‌లో అయోడిన్ ఉంటుంది. థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి వార్ఫరిన్ డోసు తగ్గిస్తారు. మనవాళ్లేమో మొదటి చీటీ ఇంట్లో దాచి రెండో డాక్టరు దగ్గరికి వెళతారు! పాత మందులేవో తెలియకపోతే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? చీటీలు, ఈసీజీ కాగితాలు అన్నీ తీసుకెళ్లండి. రెండు చీటీల మందులూ కలిపి మింగొద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర సొంతంగా ఆపొద్దు. లయ కుదుటపడ్డాక కూడా చాలామందికి అది అవసరమే.