ఆపరేషన్ తరువాత నొప్పి – మందు పెంచినా తగ్గకపోతే

డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటే మీరు ఇంకాస్త శ్రద్ధగా వినేవారేమో! అయినా మనలో మోకాలి మార్పిడి చేయించుకునేవారు చాలామందే ఉన్నారు కనుక, మత్తు వైద్య విభాగంలో పనిచేసినవాడిగా ఈ విషయమే ఎంచుకున్నాను.

మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ – ఇవన్నీ నల్లమందు తరహాలో పనిచేసేవి. పెద్ద ఆపరేషన్ తరువాత వీటి అవసరం తరచు పడుతుంది. అలవాటవుతుందన్న భయంతో నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకోవడం తగదు. దగ్గలేక, లేచి నడవలేక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరవచ్చు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టవచ్చు.

అయితే ఒక చిక్కున్నది. మోతాదు బాగా ఎక్కువైనప్పుడు, కొందరిలో ఈ మందు వల్లనే శరీరానికి నొప్పి మరింత తెలుస్తుంది. 1870లోనే క్లిఫర్డ్ ఆల్బట్ అనే ఇంగ్లీషు వైద్యుడు మార్ఫిన్ సూదుల విషయంలో ఈ అనుమానం వెలిబుచ్చాడు. మన కాలువలకు లాకులున్నట్లే వెన్నుపాములో నొప్పి కబురుకూ తలుపులున్నాయనుకోండి. మందు వాటిని దించుతుంది. మందు మితిమీరితే శరీరమే వాటిని ఎత్తడం మొదలుపెడుతుంది.

శరీరం మందుకు అలవాటుపడటం వేరు. అప్పుడు మోతాదు పెంచితే నొప్పి తగ్గుతుంది. ఇక్కడ పెంచినకొద్దీ పెరుగుతుంది, కోసిన చోటు దాటి పాకుతుంది, దుప్పటి తగిలినా భరించలేరు. ముందుగా గాయంలో చీము, రక్తపు గడ్డ వంటివి లేవని డాక్టరు చూడాలి. ఆ తరువాత మందును క్రమంగా తగ్గించడం, వేరొకటి మార్చడం, వేళ ప్రకారం పారాసిటమాల్, నరం దగ్గర మత్తు సూది, కొద్దిపాటి కెటమిన్ – ఇలా మార్గాలున్నాయి. ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు మాత్రం మూత్రపిండాల సంగతి, బి.పి. సంగతి చూడకుండా మన వయసువారు మింగరాదు.

మోకాళ్ళ నొప్పికని పాత చీటీ చూపి ట్రమడాల్ తెచ్చుకునే అలవాటు మన బెజవాడలోనూ ఉన్నది. 2018లో దానిని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. నెలల తరబడి వాడినవారు ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. కోడలి ముందు చెప్పడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి ఇవ్వండి. సొంతంగా ఒక్కసారే మానితే చెమటలు, వణుకు, నిద్రలేమి పట్టుకుంటాయి.

ఇక ఆసుపత్రిలో తోడుండేవారి సంగతి. ఇంకో ఇంజక్షన్ వేయమని నర్సమ్మగారిని తొందరపెట్టకుండా, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో, గంట తరువాత నొప్పి పదింట ఎంతో, ఎక్కడెక్కడో రాసి డాక్టరుకు చూపించాలి. రోగి పిలిస్తే పలకకపోయినా, శ్వాస మందగించినా రాస్తూ కూర్చోక వెంటనే కేకవేయాలి.