నాన్న తాగితే నేనూ తాగుబోతునవుతానా? జీన్స్ అసలు ఏం చెప్తాయి

"మా నాన్న రోజూ తాగుతారు, నేనూ అలాగే అవుతానా?" చాలామంది మనసులో ఉండే భయం ఇది. పైకి అడగరు. చుట్టాలేమో "వాళ్ల రక్తంలోనే ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

రక్తమా, పెంపకమా? 1973లో డెన్మార్క్‌లో డొనాల్డ్ గుడ్విన్ అనే డాక్టర్ టీమ్ దీన్ని విడదీసి చూసింది. తాగుడుకు బానిసైనవాళ్లకి పుట్టి, పసిగుడ్డుగా ఉన్నప్పుడే వేరే ఇంటికి దత్తత వెళ్లిన 55 మంది మగవాళ్లని తీసుకున్నారు. వాళ్లలో 10 మంది పెద్దయ్యాక తాగుడుకి బానిసలయ్యారు. మిగతా దత్తపుత్రులతో పోలిస్తే దాదాపు 4 రెట్లు ఎక్కువ! అంటే జీన్స్ పాత్ర నిజమే. కానీ 45 మంది అలా కాలేదు కదా? ఈ సగం కథ ఎవరూ చెప్పరు.

ఇంకోటి, "తాగుడు జీన్" అని ఒక్కటి లేదు. చాలా జీన్స్ తలా కొంచెం రిస్క్ పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి.

"ఎంత కొట్టినా నాకు ఎక్కదు మామా" అని గొప్పలు పోయే ఫ్రెండ్ ఉంటాడు చూడండి, వాడి గురించే ఇది. అమెరికాలో మార్క్ షుకిట్ కుర్రాళ్లకి ఒకే మోతాదు ఇచ్చి, ఏళ్ల తరబడి ఫాలో అయ్యాడు. తక్కువ ఎక్కినవాళ్లకే తర్వాత తాగుడు సమస్య ఎక్కువగా వచ్చింది. తాగుబోతు తండ్రుల కొడుకుల్లో ఇలాంటివాళ్లు ఎక్కువ. అది కెపాసిటీ కాదండీ. ఇక చాలని చెప్పే బెల్ ఒంట్లో లేటుగా మోగుతోందన్నమాట.

దీనికి రివర్స్ కేసు జపాన్. మందు లివర్‌లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. అక్కడ చాలామందికి ఏఎల్‌డీహెచ్2 జీన్‌లో తేడా వల్ల అది త్వరగా పోదు. మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వస్తుంది. పుట్టుకతో వచ్చిన బ్రేక్! (మనవాళ్లలో ఇది చాలా అరుదు, ఆశపడకండి.) మరి ఈ బ్రేక్ ఉన్నవాళ్లు బానిసలు కారా? అక్కడ తాగుడుకి బానిసైనవాళ్లలో, ఈ జీన్ ఒక కాపీ ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం. 1992కి 13 శాతం. పదమూడేళ్లలో ఒక దేశం జీన్స్ మారవు. మారింది తాగే అలవాటే.

ఇంట్లో ఇప్పటికే ఈ సమస్య ఉంటే టెలిమానస్ 14416కి కాల్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.