మెడ బిళ్ళ, మందు మోతాదు: స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో ఆయనకు బీడీ, చుట్ట, గుట్కా ఏ అలవాటూ లేదు. దవడ కింద బిళ్ళ కట్టింది. నొప్పి లేదు. క్షయ అనుకొని ఒకచోట ఆరు నెలలు మందులు మింగించారు. అసలు జబ్బు టాన్సిల్‌లో ఉందని తేలేసరికి మెతుకు దిగడం లేదు. టాన్సిల్ నుంచి తీసిన ముక్కను హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ) కోసం ఎవరూ పరీక్షించలేదు. అందుకే ఆయనది వైరస్ క్యాన్సరేనని నేననను. కానీ వైరస్ క్యాన్సర్ తరచు ఇలాగే, నొప్పిలేని మెడ బిళ్ళతోనే బయటపడుతుంది.

హెచ్‌పీవీ 16వ రకం టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కణానికి కాపలా కాసే పి53, ఆర్‌బీ ప్రొటీన్లను పనిచేయనివ్వదు. అయినా ఈ వైరస్ వల్ల వచ్చిన క్యాన్సరే చికిత్సకు బాగా లొంగుతుంది. 2010లో వచ్చిన అమెరికా అధ్యయనంలో మూడేళ్లకు బతికున్నవారు వైరస్ జాడ ఉన్నవారిలో 82.4 శాతం, లేనివారిలో 57.1 శాతం.

అంత బాగా లొంగితే చికిత్స తగ్గించవచ్చు కదా? ఏడు వారాలు, 35 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని నోరెండిపోయినవారిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ మందు బదులు సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. 2018లో తేలిన రెండు పరీక్షల్లోనూ సెటుక్సిమాబ్ తీసుకున్నవారే ఎక్కువమంది చనిపోయారు. రేడియేషన్‌ను 70 గ్రేల నుంచి 60కి దించారు. 2024లో వెల్లడైన ఫలితాల్లో అదీ నిలబడలేదు. పైగా, వైరస్ ఉన్నా పొగాకు బాగా అలవాటైనవారి జబ్బు అంత సులువుగా లొంగదని ఆ 2010 అధ్యయనమే చెప్పింది. మన పల్లెల్లో ఆ రెండూ ఒకే గొంతులో ఉండవచ్చు. కాబట్టి "కొంచెం తగ్గించి పెట్టండి సార్" అని అడిగే బంధువులకు, పరీక్షల బయట ఇప్పుడే వద్దని గట్టిగా చెబుతాను.

మనకు తగ్గాల్సింది ఖర్చు. ఆ దారి ముంబై టాటా ఆసుపత్రి చూపింది. నయం చేయలేని దశకు చేరిన తల, మెడ క్యాన్సర్లలో, మూడు రకాల మాత్రలకు నివోలుమాబ్ అనే మందు జోడించారు. దాని మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. వాళ్లిచ్చింది మూడు వారాలకోసారి 20. ఏడాదికి బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల ఫలమది. ఆ పేరు తలచుకుంటే నాకు గుండె నిండుతుంది.

కానీ ఆ మందులు చివరి దశకు. మొదట్లోనే వచ్చినవారిని చాలావరకు నయం చేయగలం. సుగ్గికి, అంటే వలస పనికి, పోయే కూలీ బిళ్ళ చూపించుకోవడం తిరిగొచ్చాక చూద్దామని వాయిదా వేస్తాడు. వాయిదా వేయకండి. మూడు వారాలు దాటినా కరగని బిళ్ళకు సన్నసూదితో పరీక్ష చేయించాలి. సభ అయ్యాక నేనిక్కడే ఉంటాను, టార్చి కూడా తెచ్చాను. అనుమానం ఉన్నవారు వచ్చి చూపించుకోండి.