మన దస్తీ కథ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేవెళ్ల, మొయినాబాద్ పక్క ఊళ్ల నుంచి బడికొచ్చిన మనందరి దగ్గరా ఉన్నది దస్తీ. జొన్నరొట్టె అందులోనే మూటగట్టేవాళ్లు. ఫీజు పైసలు దాని మూలకే ముడేసేవాళ్లు. ఎండకు నెత్తిన కప్పుకున్నదీ అదే, ఆటలో ఒకరి వెనక ఒకరం పడేసుకున్నదీ అదే.

ఆరో తరగతిలో ఒకరోజు "సార్, నా దస్తీ పోయింది" అన్నాను. "దస్తీ కాదురా, చేతిరుమాలు. అది తెలుగు" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. మా ఇంట్లో రుమాలంటే తాత తలకు చుట్టుకునేది. చేతికి రుమాలేందో అర్థం కాలేదు. ఆ తర్వాత చాలా రోజులు క్లాసులో నోరు విప్పలేదు. నా నోట వచ్చేది తెలుగో కాదో అని భయం.

ఎన్నో ఏళ్ల తర్వాత నిఘంటువులు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. రుమాలు పారసీ మాట. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. దస్తీ కూడా పారసీ నుంచి వచ్చిందే. 'దస్త్' అంటే చెయ్యి. రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చినవి. ఒకటి పుస్తకంలో కూర్చుంది, ఒకటి మన జేబులో ఉండిపోయింది. అంతే తేడా.

నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష పారసీ, ఆ తర్వాత ఉర్దూ. అందుకే ఆ 'చెయ్యి' మన మాటల్లో ఇంకా చాలా చోట్ల ఉంది. దస్తఖతు అంటే చేతిరాత. పరీక్షలకు కొనుక్కున్న దస్తా కాగితాలంటే చేతిలో పట్టే కట్ట. జబర్దస్తీలో 'జబర్' అంటే పైన. అంటే మనం అనే పైచెయ్యే!

ఇంకో మాట. పాత పారసీకంలో 'దస్త', అవెస్తాలో 'జస్త', సంస్కృతంలో 'హస్త'. మూడూ ఒకే మూలం నుంచి పుట్టినవి. ఆ రోజు నేను 'హస్తం' అని ఉంటే సారు మెచ్చుకునేవారు. దాని తోబుట్టువును పలికినందుకు నవ్వులపాలయ్యాను.

సారు మీద నాకు కోపం లేదు. ఆయనకూ అట్లాగే నేర్పి ఉంటారు. ఇప్పుడు పాఠాలు చెబుతున్న మిత్రులకు ఒకటే మనవి. పిల్లలు ఇంటి మాట పలికితే కొట్టేయకండి. పుస్తకం మాట పక్కనే దాన్నీ బోర్డు మీద రాయండి. ఆ పిల్లలు రేపు కూడా చెయ్యెత్తుతారు.

సెలవు.