బ్రేకులో చిక్కిన గాలి

బాల్కొండ చుట్టుపట్ల పసుపు, మొక్కజొన్న పండించు రైతులకు మోటారుపంపు సంగతి క్రొత్తది కాదు. నీరు పీల్చు గొట్టమునకు గాలి పట్టినచో మోటారు ఎంత వేగముగ తిరిగినను నీరు పైకి రాదు. గొట్టము నిండ నీరు పోసి ఆ గాలిని వెడలగొట్టవలసినదే. మోటారు సైకిలు డిస్కు బ్రేకులో జరుగునదియు ఇంచుమించు ఇదియే. అక్కడ తప్పిపోవునది ఒక తడి, ఇక్కడ ప్రాణము.

చేతి లీవరును నొక్కినపుడు ఆ ఒత్తిడి ఆయిలు గుండ ప్రయాణించి చక్రము కడనున్న ప్యాడ్లను డిస్కునకు అదుముచున్నది. మూసియున్న ద్రవముపై ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకు సమముగ వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కలు నిరూపించెను. ద్రవము దాదాపు కుదించుకొనదు, గాలి కుదించుకొనును. కావున గొట్టములో నాలుగు బుడగలు చేరినను మన చేతిబలము వానిని నొక్కుటకే చెల్లిపోవును. లీవరు మెత్తబడి పిడిదాక వచ్చును. 44వ నంబరు జాతీయ రహదారిపై లారీల నడుమ ఆర్మూరుకో, నిర్మలుకో పోవువారు, వెనుక భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొన్నవారు ఈ గుర్తును ఉపేక్షింపరాదు.

గాలి ఎట్లు చేరును? ఆయిలు తగ్గినను, కీలు కారినను, గొట్టము మార్చినను చేరవచ్చును. మరియొక కారణము కలదు. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. డాట్ 4 రకము క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగదు. తేమ పట్టిన పిదప 155 డిగ్రీలకే మరుగవచ్చును. నిర్మలు దాటి మహబూబు ఘాటు దిగునపుడు ఎడతెగక బ్రేకు పట్టినచో ఆ వేడికి లోపల ఆవిరి పుట్టును. అందువలననే రెండేండ్ల కొకసారి ఆయిలు మార్చుమందురు.

ఇక పని. ఇంటిలో మరియొకరి సాయముండుట మేలు. బండిని నిటారుగ నిలిపి, ఆయిలు డబ్బీ సమముగ నుండునట్లు హ్యాండిలు త్రిప్పవలెను. టాంకుపై తడిగుడ్డ కప్పవలెను, ఏలయన ఈ ఆయిలు రంగును తినివేయును. డబ్బీ మూతను శుభ్రముగ తుడిచి విప్పి, దానిపై వ్రాసియున్న రకపు ఆయిలునే, సీలు విప్పని సీసానుండి పోయవలెను. డాట్ 5 అను సిలికాను రకమును తక్కిన వానితో కలుపరాదు.

కాలిపరు నిపిలునకు ముందు రింగు పానా, పిదప పారదర్శకమైన సన్నని గొట్టము తొడిగి, గొట్టము కొన సీసాలోని క్రొత్త ఆయిలులో మునిగియుండునట్లు చూడవలెను. ఒకరు లీవరును మెల్లగ మూడు నాలుగు మార్లు నొక్కి, గట్టిగ పట్టియుండవలెను. రెండవవారు నిపిలును పావు చుట్టు విప్పుదురు. ఆయిలుతో బుడగలు వెడలును. లీవరు పిడిని తాకును. నిపిలు బిగించిన తరువాతనే లీవరు వదలవలెను. ఈ వరుస తప్పినచో బయటి గాలి తిరిగి లోనికి పోవును; పడిన శ్రమ వ్యర్థము. బుడగలు ఆగువరకు ఇట్లే చేయుచు, డబ్బీలో ఆయిలు అడుగు గీతకు దిగకుండ పోయుచుండవలెను. నిపిలు చిన్నది, బలముగ బిగించిన విరుగును.

అప్పటికిని లీవరు కొంచెము మెత్తగ నున్నచో, మూత బిగించి, దానిని పిడికి అదిమి గుడ్డపీలికతో కట్టి రాత్రి యుంచిన సన్నని బుడగలు పైకి చేరుట కలదు. ఉదయము ముందుగ ముంగిట బండిని త్రోసి బ్రేకు చూడవలెను. తీసిన ఆయిలు విషము. శీతల పానీయపు సీసాలో పోసి పిల్లల కందుచోట నుంచరాదు.

2019 ఏప్రిలు 1 నుండి 125 సీసీకి మించిన క్రొత్త బండ్లకు ఏ.బి.ఎస్. నిర్బంధమైనది. ఆ యంత్రములోనికి గాలి చేరినచో ఇంటి పానాతో తీరకపోవచ్చును. కార్ఖానాలోని పరికరము కావలసి వచ్చును. అట్టి బండిని అచటికి ఆటోలో వేసికొని పోవలెనే కాని నడుపుకొని పోరాదు.